రిపోర్టులో ఎక్స్‌వై అని వస్తే మా బిడ్డ ఆడపిల్ల కాదా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. పెద్దబిడ్డకు 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. ఇంకా పెద్దమనిషి కాలేదు. ఛాతీ అందరు ఆడపిల్లల్లాగే పెరిగింది. ఆర్‌ఎంపీ కొన్ని నెలలు గోళీలు ఇచ్చినా నెలసరి రాలేదు. నల్లగొండలో స్కానింగ్ తీస్తే గర్భసంచి లేదన్నారు. హైదరాబాద్‌లో రక్తపరీక్ష చేయిస్తే '46 ఎక్స్‌వై' అని వచ్చింది, అవి మగవాళ్లకు ఉండే క్రోమోజోములట. చిన్నప్పుడు గజ్జల్లో రెండు పక్కలా హెర్నియా ఆపరేషన్ అయింది. మాది మేనరికం. మా ఆడపడుచు "అది పిల్లగాడే, ఆపరేషన్ చేయించి మార్చేయండి" అంటోంది. మా ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఇలా అయిందా? బిడ్డకు ఇంకా ఏమీ చెప్పలేదు, చెప్పాలా? పెళ్లి అవుతుందా? ఇంకో ఆడపిల్ల ఉంది, పదేళ్లు. ఆమె గురించి కూడా భయంగా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ ఆడపడుచు మాట పక్కన పెట్టండి. మీ బిడ్డ ఆడపిల్లే. ఆ కాగితం రాకముందు ఎవరో, వచ్చాక కూడా ఆమే. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఏమీ మార్చాల్సిన పని లేదు.

ఎక్స్‌ఎక్స్ అయితే ఆడ, ఎక్స్‌వై అయితే మగ అని బడిలో చదువుకున్నాం. చాలామంది విషయంలో అది నిజమే. ఆడపిల్లను కన్నదని కోడలిని తిట్టే అత్తలు నా దగ్గరికి వస్తే, వై రావాల్సింది మీ కొడుకు నుంచే కదా అని చెప్పి పంపిస్తుంటాను. కానీ క్రోమోజోముతోనే కథ అయిపోదు. కడుపులో పిండానికి దాదాపు ఆరు వారాల దాకా ఆడామగా తేడా కనిపించదు, ఎటైనా పెరిగేందుకు కావలసినవన్నీ లోపల ఉంటాయి. వై మీద ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉంటుంది, 1990లో లండన్ పరిశోధకులు దాన్ని గుర్తించారు. అది పనిచేస్తే పిండంలోని లింగ గ్రంథులు వృషణాలవుతాయి, లేకపోతే సాధారణంగా అండాశయాలవుతాయి. వృషణాల నుంచి వచ్చే ఒక హార్మోను గర్భసంచి ఏర్పడకుండా ఆపేస్తుంది. ఇంకోటి టెస్టోస్టిరాన్. బయటి అవయవాలు మగపిల్లాడివిగా మారాలంటే అది కావాలి, అది ఉంటే సరిపోదు, దాన్ని అందుకునే రిసెప్టర్ కూడా కణాల్లో సరిగ్గా ఉండాలి. విచిత్రం ఏమిటంటే ఆ రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువు వై మీద లేదు, తల్లి నుంచి వచ్చే ఎక్స్ మీద ఉంది.

మీరు రాసినవన్నీ కలిపి చూస్తే మీ బిడ్డ విషయంలో తేడా ఆ రిసెప్టర్ దగ్గరే వచ్చినట్టుంది. చెరువు నిండుగానే ఉంది, తూము తెరుచుకోలేదు, పొలానికి చుక్క నీరు పారలేదు. టెస్టోస్టిరాన్ ఉన్నా శరీరం దాన్ని అందుకోలేదు కాబట్టి బయటి శరీరం పూర్తిగా ఆడపిల్లదిగానే ఏర్పడింది. గర్భసంచిని ఆపే హార్మోను మాత్రం తన పని తాను చేసుకుపోయింది, అందుకే గర్భసంచి లేదు. వాడుకలోకి రాని టెస్టోస్టిరాన్‌లో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, దాంతో ఛాతీ పెరిగింది. చంకల్లో వెంట్రుకలు చాలా తక్కువగా ఉంటే నా అనుమానం ఇంకా బలపడుతుంది. దీన్ని కంప్లీట్ ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్, పొట్టిగా సీఏఐఎస్ అంటాం. ఉత్తరం చూసి ఖాయం చేయడం సరికాదు, టెస్టోస్టిరాన్ పరీక్ష, ఆ రిసెప్టర్‌ను తయారుచేసే ఏఆర్ జన్యువు పరీక్ష చేయించాలి. నిమ్స్‌లో గానీ ఉస్మానియా ఆసుపత్రిలో గానీ ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) విభాగానికి వెళ్లండి. పాత హెర్నియా ఆపరేషన్ కాగితాలు దొరికితే తప్పకుండా పట్టుకెళ్లండి, ఎందుకంటే ఆడపిల్లకు రెండు పక్కలా హెర్నియా వస్తే అందులో దిగినవి ఈ వృషణ గ్రంథులే కావచ్చు, అప్పుడు వాటిని లోపలికి నెట్టారా, తీసేశారా అన్నది ఇప్పుడు మాకు తెలియాలి. ఆ గోళీలు మాత్రం ఇవాళే ఆపేయండి. గర్భసంచే లేనప్పుడు నెలసరి గోళీలతో ఏం వస్తుంది?

ఫ్లోరైడ్‌కూ దీనికీ సంబంధం లేదు. మన జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు అది పళ్లనూ ఎముకలనూ పాడుచేసింది, పాడుచేసిన కథ అందరికీ తెలుసు. క్రోమోజోములను అది మార్చదు. మేనరికం కూడా ఈ జబ్బుకు కారణం కాదు, ఇది ఎక్స్‌తో వచ్చేది, తల్లి నుంచి రావచ్చు లేదా బిడ్డలోనే కొత్తగా పుట్టొచ్చు. దీనర్థం మీ తప్పని కాదు, ఏ ఎక్స్ ఇవ్వాలో ఏ తల్లీ ఎంచుకోదు. అయితే మేనరికం మంచిదేనని నేను అన్నట్టు చుట్టాలకు చెప్పకండి. ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్ లోపం, కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా లాంటి పుట్టుకతో వచ్చే హార్మోన్ జబ్బులు దగ్గరి పెళ్లిళ్లలో ఎక్కువగా వస్తాయి. రెండోదాంట్లో ఎక్స్‌ఎక్స్ ఉన్న పాపే అబ్బాయిలా కనిపించవచ్చు, ఒంట్లో ఉప్పు తగ్గిపోయి మొదటి వారాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. పుట్టిన బిడ్డ ఆడో మగో తేలకపోతే ఇంట్లో దాచిపెట్టకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఇక "మార్చేయండి" అన్న మాట. తాను ఆడా, మగా అన్న భావన పిల్లలకు సాధారణంగా మూడేళ్లు నిండేసరికి ఏర్పడుతుంది. అది ఎక్కడి నుంచి వస్తుందంటే ఒక్క జన్యువునో ఒక్క హార్మోనునో చూపించలేం. గర్భంలో పడే హార్మోన్ల ప్రభావం ఉంది, పెంపకానిదీ ఉంది, కానీ ఒక్క పెంపకంతోనే అయ్యేది కాదు. 1965లో కెనడాలో పుట్టిన డేవిడ్ రైమర్ అనే బాబుకు సున్తీలో ప్రమాదం జరిగింది, జాన్ మనీ అనే సైకాలజిస్టు సలహాతో ఆపరేషన్ చేసి ఆడపిల్లగా పెంచారు. ఆ పిల్లాడికి అది ఏనాడూ ఇమడలేదు, అసలు విషయం తెలిసిన తర్వాత పదిహేనేళ్ల వయసుకే మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు, 2004లో ఆత్మహత్య చేసుకున్నాడు. పెద్దవాళ్లు కూర్చుని నిర్ణయించేస్తే మనిషి లోపల మారిపోడు. సీఏఐఎస్ ఉన్నవాళ్లలో అత్యధికులు తమను తాము ఆడవాళ్లుగానే భావిస్తారు. మీ బిడ్డకూ తాను ఆడపిల్లననే అనిపిస్తే మార్చాల్సింది ఏమీ లేదు. స్పెయిన్ హర్డిల్స్ రన్నర్ మరియా హోసే మార్టినెజ్ పాటినో 1985లో జపాన్‌లోని కోబేలో లింగ పరీక్షలో ఎక్స్‌వై అని తేలి పోటీకి దూరమైంది, పేరు పత్రికలకెక్కింది, పెళ్లి కుదిరినవాడు వదిలేశాడు. నేను ఆడదాన్నే అని ఆమె పోరాడితే 1988లో మళ్లీ పరిగెత్తనిచ్చారు. ఆమెదీ ఇదే సిండ్రోమ్.

రెండింటినీ కలపకండి. ట్రాన్స్‌జెండర్లు వేరు, ఇది వేరు. వాళ్లలో చాలామందికి క్రోమోజోములూ హార్మోన్లూ మామూలుగానే ఉంటాయి, రక్తపరీక్షలో ఏమీ కనిపించదు, లోపలి భావన మాత్రం వేరుగా ఉంటుంది. అది మానసిక జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో మానసిక జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మన సుప్రీంకోర్టు 2014లోనే లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు మనిషిదేనని చెప్పింది. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే వాళ్లను కూడా తాయెత్తులతో, దెబ్బలతో మార్చాలని చూడొద్దు.

కడుపులో ఉన్న గ్రంథుల గురించి తొందరపడాల్సింది లేదు. యుక్తవయసుకు ముందు వాటిలో క్యాన్సర్ రావడం చాలా అరుదు, పెద్దయ్యాక ఆ ప్రమాదం కొంత పెరుగుతుంది. ఎదుగుదల పూర్తయ్యాక తీయించుకోవచ్చు, లేదా ఎప్పటికప్పుడు స్కాన్‌లతో చూసుకుంటూ ఉంచుకోవచ్చు. మైనర్ కాబట్టి సంతకం మీదే, కానీ నిర్ణయం ఆమెతో మాట్లాడే తీసుకోవాలి. తీసేస్తే ఈస్ట్రోజెన్ మందులు 50 ఏళ్లు వచ్చేదాకా దాదాపు రోజూ వాడాలి, లేకుంటే ఎముకలు బలహీనపడతాయి. ఇక్కడ మన జిల్లాకు ఒక మెలిక ఉంది, ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) ఉన్నవాళ్లకు ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్షలో ఎముక గట్టిగా ఉన్నట్టు అంకెలు ఎక్కువగా రావచ్చు, గట్టిదనం అంకెల్లోనే ఉంటుంది, కాబట్టి డాక్టరుకు మీ ఊరి పేరు చెప్పండి.

బిడ్డకు చెప్పాలా అంటే, చెప్పాలి. 17 ఏళ్ల పిల్ల, చేతిలో ఫోన్ ఉంది, రిపోర్టు కనబడితే ఐదు నిమిషాల్లో వెతుక్కుని సగం అబద్ధాలు చదువుతుంది. అమ్మకు తెలిసీ దాచిందన్న బాధ అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుతుంది, ఈ సిండ్రోమ్ ఉన్నవాళ్లు పెద్దయ్యాక చెప్పే ఫిర్యాదుల్లో ఇది తరచూ వినిపిస్తుంది. మీకు నోరు రాకపోతే డాక్టరుతో చెప్పించండి, మీరు పక్కన కూర్చోండి, ఒకేసారి అన్నీ కుమ్మరించకండి. ఆమెకు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడే సమయం కూడా ఇవ్వండి. చుట్టాలకు చెప్పాలో వద్దో ఆమె ఇష్టం, మీ ఆడపడుచుకు తెలియడం ఇప్పటికే ఎక్కువైంది.

పెళ్లి అంటారా, ముందు చదువు కానివ్వండి. దాంపత్య జీవితానికి అడ్డేమీ ఉండదు, కొందరికి యోని పొడవు తక్కువగా ఉంటే మెల్లగా సాగదీసే డైలేటర్లతో సరిచేసుకోవచ్చు, ఆపరేషన్ అవసరం చాలా తక్కువ, అది కూడా ఆమె కోరుకున్నప్పుడే. పిల్లలను కనలేదు, దత్తత తీసుకోవచ్చు. ఆ సంగతి దాచి మాత్రం పెళ్లి చేయొద్దు, తర్వాత బయటపడితే నష్టపోయేది ఆమే.

చిన్నమ్మాయికి ముందుగా క్రోమోజోము పరీక్ష చేయిస్తే చాలు, భయపడాల్సింది లేదు. ఎక్స్‌ఎక్స్ అని వస్తే ఈ సమస్య ఆమెకు రాదు, గర్భసంచి, నెలసరి మామూలే. ఏఆర్ జన్యువులోని ఆ తేడాను ఆమె మోస్తోందా లేదా అన్నది పెద్దబిడ్డ ఏఆర్ రిపోర్టు వచ్చి, మీకూ ఆ పరీక్ష చేశాకే తేలుతుంది, అది కూడా ఆమె పెద్దయ్యాక తానే తెలుసుకోవడం మేలు. ఆ రిపోర్టులో మీరు మోస్తున్నట్టు వస్తే మీ అక్కచెల్లెళ్లకు కూడా ఓ మాట చెప్పండి, వాళ్ల ఆడపిల్లలెవరికైనా చిన్నప్పుడు గజ్జల్లో హెర్నియా వచ్చిందా, పదహారు దాటినా పెద్దమనిషి కాలేదా అని అడగండి.