నక్షత్రకుడి చేతే అడిగించు

అమ్మలూ,

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. లా కాలేజీలో నేర్చుకున్నది చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి చెప్పాలన్న నీ తపన ప్రతి పేజీలో కనిపించింది, పెదనాన్నకి చాలా సంతోషమేసింది. కానీ ఈ నాటకం ఆడదు. మొదటి రంగంలోనే లాయరు నిలబడి 14, 19, 21 అంటూ రాజ్యాంగం ఆర్టికల్స్ వల్లిస్తుంటే, తెల్లవార్లూ పద్యాలు వినే మన జనం కూడా టీ కొట్టుకి లేచిపోతారు. పాతికేళ్ళు పగలు వకీలు గుమాస్తాగా, రాత్రి స్టేజీ మీద హరిశ్చంద్రుడి వెంటపడి బాకీ వసూలు చేసే నక్షత్రకుడిగా బతికినవాణ్ణి కాబట్టి ఇంత సూటిగా చెప్తున్నాను.

కొత్త కథ వద్దు, హరిశ్చంద్ర ఎత్తుకో. ఒకసారి గరివిడి దగ్గర ఊళ్ళో వారణాసి సీను అయ్యాక నేను రంగు తుడుచుకుంటుంటే ఒక ముసలమ్మ వచ్చి, "అప్పు కోసం పెళ్ళాన్ని అమ్మించీసినావు, ఆ కాశీలో నిన్ను అడిగినోడు లేడేటి బావూ?" అంది. అంటూనే ఏడ్చింది. ఆవిడ కొడుకు ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేసి ఉన్నాడట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ అడిగిన ప్రశ్న చుట్టూ నీ నాటకం కట్టు.

అసలు కథ మాత్రం మార్చకు. చట్టం వచ్చి హరిశ్చంద్రుణ్ణి కాపాడేస్తే కాటి సీను ఉండదు, కాటి సీను లేకపోతే జనం ఊరుకోరు. చంద్రమతి అమ్మకం అయ్యాక తెర దించి, తెర ముందుకి జముకు వాయిస్తూ కథ చెప్పే జముకుల కథ వాళ్ళని తీసుకురా. వంత పాడేవాడు అడగాలి, కథకుడు చెప్పాలి, మధ్యలో నక్షత్రకుడు అడ్డం పడి "నా బాకీ సంగతేమిటి?" అని గద్దించాలి. ఊళ్ళో బాకీ వసూలుకొచ్చేవాడి నోట వినే మాటలన్నీ వాడి నోట పెట్టించు. ఒక్కో మాటకీ కథకుడు జవాబు చెప్పాలి. మనిషిని అమ్మడం, వెట్టి చేయించడం ఆర్టికల్ 23 ప్రకారం నేరం. అప్పు కింద వెట్టికి పెట్టుకుంటే 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పునే రద్దు చేసేసింది. డబ్బు కట్టమని కోర్టు ఇచ్చిన డిక్రీ కోసం ఆడమనిషిని అరెస్టు చేయకూడదు, అది సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్. 60వ సెక్షన్ ప్రకారం వంట గిన్నెలు, పక్కబట్టలు, వ్యవసాయ పనిముట్లు జప్తుకి రావు, ఆచారం ప్రకారం ఆడవాళ్ళు ఒంటి మీంచి తీయకూడని నగలూ రావు.

ఈ చివరిది చెప్పినప్పుడు ఒక్క నిమిషం ఆగమను. కాసేపట్లో కాటిలో కొడుకు శవానికి సుంకం కింద హరిశ్చంద్రుడు మంగళసూత్రం అడగబోతున్నాడని వాళ్ళందరికీ తెలుసు.

అబద్ధపు ధైర్యం మాత్రం ఇవ్వకమ్మా, అది పాపం. వెట్టి లేని మామూలు అప్పు పోదు, డిక్రీ 12 ఏళ్ళు బతికే ఉంటుంది, ఉండీ దాచేసినవాణ్ణి సివిల్ జైలుకి పంపొచ్చు కూడా. కేవలం లేక తీర్చలేనివాణ్ణి మాత్రం జైల్లో పెట్టడం ఆర్టికల్ 21కి విరుద్ధమని 1980లో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఆ తేడా తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

పద్యాల సంగతి. వన్స్ మోర్ పడేది పద్యానికే, వచనానికి కాదు. గుర్తుండాల్సిన ముక్క పద్యం చివరి పాదంలో పెట్టు, హార్మోనిస్టు అక్కడ రాగం పట్టుకుంటాడు, జనం మళ్ళీ పాడించుకుంటారు. ఆటవెలది, తేటగీతి చాలు, వృత్తాల జోలికి పోకు. సెక్షన్ నంబర్లు పద్యంలో ఇరికించకు, కథకుడు మాటల్లో చెప్తాడు.

కాటి సీనులో చంద్రమతికి విచారణ లేకుండానే తల తీయమంటారు కదా, అక్కడ మధ్యలో ఒక్క ముక్క కూడా చొప్పించకు, ఏడవనీ. ఆట అయ్యాక, మంగళం పాడేముందు, ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలుని ఇస్తారని, 15100కి ఫోన్ చేయాలని కథకుడి చేత మూడుసార్లు చెప్పించు. ఫోను లేనివాళ్ళ కోసం మండల న్యాయ సేవల వాళ్ళని ముందే పిలిచి, పక్కన బల్ల వేసి కూర్చోబెట్టు.

ఇంకోటి, రాత్రి 10 దాటాక అనుమతి లేకుండా మైకు వేయకూడదు. అందుకని పూర్తి నాటకం పెట్టుకోకు, వారణాసి, కాటి రెండే చాలు, సాయంత్రం ఆరుకే తెర తీయి.

ముందు ఆ జముకుల కథ పావుగంట రాసి పంపు. వచ్చే ఆదివారం హార్మోనియం పట్టుకుని మీ ఇంటికొస్తాను, నక్షత్రకుడికి మనిషి దొరక్కపోతే నేనున్నాను.

మీ పెదనాన్న