పాత దెయ్యాల సినిమాల్లో భయం ఉందా?

ప్రశ్న: మేడమ్, ఎవరూ పట్టించుకోని పాత హారర్, సస్పెన్స్ సినిమాలు వెతుక్కుని మరీ చూస్తాను. మా బావ పక్కన కూర్చుని పది నిమిషాలకే ‘ఇందులో భయం ఎక్కడుంది, బొమ్మే సరిగ్గా లేదు’ అని లేచిపోతాడు. వాటిలో నిజంగా ఏమైనా ఉందా, నేనే ఊహించుకుంటున్నానా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఉందండీ. నాకైతే కొత్తవాటికంటే వాటిలోనే ఎక్కువ దొరికింది.

‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ అని 1962 నాటి అమెరికా సినిమా. పాఠాల ఫిల్ములు, ఫ్యాక్టరీల ఫిల్ములు తీసుకునే హెర్క్ హార్వీ, ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడ్డ ఓ పెద్ద భవనం కంటపడితే దాన్ని పట్టుకుని, సుమారు 33 వేల డాలర్లతో తీసేశాడు. సున్నం పూసినట్టు తెల్లటి మొహంతో వెంటాడే మనిషి కూడా ఆయనే. అప్పట్లో ఆడలేదు.

నేనది చూసింది విజయనగరంలో, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజున. ఇంట్లో అందరూ ఊరేగింపు చూడ్డానికి మూడు లాంతర్ల కూడలి వైపు వెళ్ళిపోయారు, నాకు జ్వరం, పైగా పట్టపగలు. వంతెన మీంచి కారుతో సహా నదిలో పడి ఎలాగో బయటికొచ్చిన అమ్మాయి కథ. ఒకచోట ఆమె బట్టల షాపులో ఉండగా చుట్టూ ఉన్న చప్పుళ్ళన్నీ ఆగిపోతాయి, ఆమె పిలుస్తుంటే ఎవరికీ వినపడదు, ఎవరూ ఆమె వైపు చూడరు. సౌండ్ పెంచుదామని రిమోట్ అందుకున్నాను, అప్పుడు దూరంగా రోడ్డు మీది డప్పులు వినపడ్డాయి, వాటికీ నాకూ సంబంధం లేనట్టు, నేనూ ఎవరికీ కనపడనట్టు. ఒళ్ళు జలదరించింది. కాసేపటికి పార్కులో పిట్ట కూతతో ఆమెకి లోకం మళ్ళీ వినిపిస్తుంది. ఇంత చిన్న పనితో అంత భయం!

పాతవన్నీ గొప్పవని అనను. మన పాత సస్పెన్స్ సినిమాలు చాలావాటిలో కామెడీ ట్రాకు దూరి టెన్షనంతా చంపేస్తుంది, చివరికి దెయ్యం కాస్తా ఆస్తి కోసం ఆడిన నాటకం అని తేలితే నాకు ఏడుపొస్తుంది. కానీ వంశీ తీసిన ‘అన్వేషణ’ (1985) చూడండి, అక్కడా పిట్టల కూతల మీద పరిశోధనకని అడవికొచ్చిన అమ్మాయే, ఇళయరాజా సంగీతం ఆ చెట్ల మధ్య మనల్ని ఒంటరిగా వదిలేస్తుంది.

మీ బావగారికి ముందు అదే చూపించండి, భాష మనదే కాబట్టి కుదురుగా కూర్చుంటారు. హార్వీ సినిమా తర్వాత, సుమారు గంటా ఇరవై నిమిషాలే. ఫ్యాను చప్పుడు లేకుండా, ఫోన్లు పక్క గదిలో పెట్టి చూడండి.