కొత్త స్టిక్ కొన్నావట కదా, తల్లీ

విన్నిపెగ్,
ఆదివారం రాత్రి

బుజ్జితల్లీ,

పొద్దున మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వేసవంతా కిరాణా షాపులో నిలబడి సంపాదించిన డబ్బులోంచి నాలుగు వందల డాలర్ల పైన పెట్టి కొత్త ఐస్ హాకీ స్టిక్ కొన్నావట. కొని ఊరికే ఆడెయ్యకుండా, సెప్టెంబర్ నుంచి మార్చి దాకా అది ఎక్కడ అరుగుతుందో, ఎప్పుడు మెత్తబడుతుందో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటావట. యూనివర్సిటీ టీమ్ ట్రయల్స్‌కి అలాంటిదే ఇంకోటి కొనాలా వద్దా అన్నది ఆ రాతలు చూసి తేల్చుకుంటావట. పదిహేడేళ్ల పిల్లకి ఇంత ఓపిక ఎక్కడిదా అని మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక చోట కూర్చోలేకపోయాను. "ఏంటి అలా తిరుగుతున్నారు, కాఫీ చల్లారిపోతోంది" అని మీ పెద్దమ్మ రెండుసార్లు అడిగింది.

అందుకే ఈ ఉత్తరం. నాయనమ్మ వీడియో కాల్‌లో నీకు అక్షరాలు దిద్దించింది కదా, మెల్లగా కూడబలుక్కుని చదువు. ఏదైనా మాట అర్థం కాకపోతే మీ నాన్నని అడుగు. కానీ ముందు చివరిదాకా నువ్వొక్కదానివే చదువు, ఆ తర్వాత అడుగు.

నీకు తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. రసీదు ఫోటో తీసి పెట్టుకో. స్టిక్ పై కొనకి మూత ఉండాలి, దాని మీద టేప్ చుట్టాలి. స్కేట్స్ వేసుకుని నిలబడితే స్టిక్ గడ్డం దగ్గరికి రావాలి.

అయితే కొన్నరోజే రంపం పట్టుకోకు. కోసిన ముక్క మళ్ళీ అతకదు. పైగా కోసే కొద్దీ కర్ర గట్టిపడుతుంది. ఫ్లెక్స్ అంటే కర్ర ఎంత గట్టిదో చెప్పే అంకె కదా, 85 ఫ్లెక్స్ స్టిక్‌ని రెండు అంగుళాలు కోస్తే అది 95 దగ్గరికి పోతుంది. నీ బరువు చూసుకుని కొన్న ఫ్లెక్స్ కాస్తా రంపపు కోతతో వేరే స్టిక్ అయి కూర్చుంటుంది. రెండు మూడు ప్రాక్టీసులు అలాగే ఆడి, బ్లేడ్, అదే కర్ర కింద ఉండే పలక, దాని అడుగున టేప్ చూడు. మడమ వైపు, అంటే బ్లేడ్ కర్రతో కలిసే చోట, ఎక్కువ అరిగితే నీకు స్టిక్ పొడుగైందని అర్థం, అప్పుడు అర అంగుళం కోసి మళ్ళీ చూడు. ముందు కొన వైపు అరిగితే అసలు కొయ్యకు.

ఇంకో మాట. పై రకం స్టిక్‌లకి సాధారణంగా ముప్ఫై రోజుల వారంటీ ఇస్తారు. "మంచి స్టిక్, మ్యాచ్‌లకి దాచుకుందాం" అని చాలామంది పిల్లలు ఆ నెలంతా దాన్ని మూలన పెడతారు. నువ్వు అలా చెయ్యకు. లోపం ఉంటే ఆ ముప్ఫై రోజుల్లోనే బయటపడాలి. మొదటి నెల దాన్ని బాగా వాడు. వీలైనంత గట్టిగా స్లాప్ షాట్లు, అదే కర్ర వెనక్కెత్తి బాదే షాట్లు, కొట్టు.

నా చిన్నప్పుడు తెనాలిలో కొత్త క్రికెట్ బ్యాట్ వస్తే దానికి అవిసె నూనె రాసేవాళ్లం. పాత బంతిని మేజోడులో వేసి మూడు వారాలు టక టక కొట్టేవాళ్లం. కొట్టే కొద్దీ బ్యాట్ పండేది, శబ్దం చిక్కబడేది. కెనడా వచ్చాక మొదట పట్టుకున్న చెక్క హాకీ స్టిక్ కూడా నాకు ఆ బ్యాట్‌కి చుట్టంలాగే అనిపించింది. నీ కార్బన్ స్టిక్ సంగతి అలా కాదు తల్లీ. అది పండదు. షాపులోంచి బయటికి వచ్చిన రోజు ఎలా ఉందో అదే దాని మంచి రోజు, అక్కణ్ణుంచి రోజూ కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. నీ నోట్‌బుక్ రాయాల్సింది ఆ పోవడాన్ని గురించి. మొదటి వారం ఏ స్టిక్ అయినా అద్భుతంగా ఉంటుంది, కొత్తొక వింత కదా. ఆ వారం "సూపర్" అని రాసుకున్న పేజీని నమ్మకు.

పాత స్టిక్‌ని పారెయ్యకు. ప్రతి రెండు వారాలకి ఒకసారి దాన్ని కూడా రింక్‌కి తీసుకెళ్ళి, రెండింటితో అవే షాట్లు కొట్టు. "పోయిన నెల ఇంతకంటే బాగా పోయింది" అనే జ్ఞాపకం మీద ఆధారపడితే ఏమీ తేలదు. చేతిలో ఉన్న పాత కర్ర నిజం చెబుతుంది. ప్రాక్టీస్ మొదట్లో కాకుండా చివర్లో, భుజాలు అలిసిపోయాక చూడు. ఒకే చోటు నుంచి మణికట్టు తిప్పి కొట్టే రిస్ట్ షాట్లు ఇరవై, పది స్లాప్ షాట్లు, ఇరవై పాస్‌లు తీసుకో. గోల్‌లో ఎన్ని పడ్డాయన్నదొకటే కాదు, పాస్ అందుకున్నప్పుడు పక్, అదే ఆ రబ్బరు బిళ్ళ, బ్లేడ్ మీద ఆగిందా, ఎగిరిందా అన్నది కూడా రాసుకో. టేప్ ఎప్పుడూ ఒకేలా చుట్టు, మడమ నుంచి ముందు కొన దాకా. సీజన్ మధ్యలో టేపూ మార్చి, పొడుగూ మార్చి, చేతులు పట్టే తీరూ మార్చేస్తే స్టిక్ గురించి ఒక్క ముక్క కూడా తెలుసుకోలేవు.

బ్లేడ్ ముందు పోతుంది. నీళ్ళు చిన్న చిన్న పగుళ్ళలోంచి లోపలికి పోతాయి. రెండు బొటనవేళ్ళతో బ్లేడ్‌ని మెల్లగా వంచి చూస్తుంటే మెత్తబడటం నీకే తెలుస్తుంది. మ్యాచ్ స్టిక్‌ని ఇంటి ముందు రోడ్డు మీద ఆడటానికి తియ్యకు, తారు దాన్ని గీకి పారేస్తుంది. మైనస్ ముప్ఫైలో రాత్రంతా కారు డిక్కీలో వదిలెయ్యకు. అక్కడ కాల్గరీలో మీకు మధ్యమధ్య చినూక్ గాలి వచ్చి కాస్త వెచ్చబడుతుందని తెలుసు, అయినా వదలకు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మొట్టమొదటి రోజు, ఇంకా టేప్ కూడా చుట్టకముందు, స్టిక్‌ని బల్ల మీద పెట్టి పై నుంచి కింద దాకా రెండేసి అంగుళాలకి ఒకసారి ఇక్కడి పావలా బిళ్ళ, అదే ఇరవై ఐదు సెంట్ల నాణెం, దాని అంచుతో తట్టు. ఆ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డ్ చెయ్యి. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి ఒక్కో చోట ఒక్కోలా పలుకుతుంది, దానికి కంగారు పడకు. ప్రతి వారం అదే చోట్ల తట్టి మొదటి రోజు శబ్దంతో పోల్చు. గట్టిగా దెబ్బ తగిలిన ప్రతిసారీ, వారం కాకపోయినా తట్టు. ఎక్కడైనా "టిక్" అనాల్సింది "డబ్" అన్నదా, లోపల పొరలు విడిపోయాయన్నమాట. పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. ఆ స్టిక్ పని అక్కడితో అయిపోయింది.

ఇది నాకు హాకీ వల్ల రాలేదు. విమానాల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు ఇదే పని చేశాను. కార్బన్ పలకల్ని తట్టి వినడం, "డబ్" అంటే ఎర్ర చీటీ అంటించి పక్కన పెట్టడం. ఎంత ఖరీదైన పలకైనా సరే, మేనేజర్ వచ్చి మొహం చిట్లించినా సరే, ఒక్కసారి కూడా చీటీ వెనక్కి తీసుకోలేదు.

2003 నవంబర్‌లో నేను మొదటిసారి కార్బన్ స్టిక్ కొన్నాను. రెండు వందల డాలర్లు. మా అద్దెలో మూడో వంతు. మీ పెద్దమ్మకి నూట ఇరవై అని చెప్పాను. డిసెంబర్‌లో ఒక గురువారం రాత్రి లీగ్ మ్యాచ్‌లో ఎవరో తన కర్రతో నా స్టిక్ మీద బలంగా స్లాష్ కొట్టారు, కింది చేతికి జానెడు కింద. పైకి చూస్తే రంగు మాత్రం గీసుకుపోయింది, గోరంత. ఇంటికొచ్చి వంటగదిలో బల్ల మీద పెట్టి తట్టాను. టిక్, టిక్, టిక్, డబ్. మళ్ళీ తట్టాను. డబ్.

విన్నాను తల్లీ. స్పష్టంగా విన్నాను. ఆ రోజు పగలే ఫ్యాక్టరీలో అలాంటి శబ్దానికి ఒక పలకని పక్కన పెట్టి వచ్చిన మనిషిని. అయినా రెండు వందల డాలర్లు కళ్ళ ముందు ఆడాయి. సొరుగులోంచి నల్ల టేప్ తీసి ఆ చోట మూడు చుట్లు చుట్టాను. ఆ తర్వాత మూడు వారాలు ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను.

మీ నాన్న అప్పటికి ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలు. మా ఇంట్లోనే ఉండేవాడు. ఐస్ మీద నిలబడటం అప్పుడప్పుడే వచ్చింది, పిచ్చి ఉత్సాహం. జనవరిలో ఒక ఆదివారం, మైనస్ ఇరవై నాలుగు, మా కమ్యూనిటీ సెంటర్ వెనక ఉన్న బయటి రింక్‌లో మేమిద్దరమే ఉన్నాం. "అన్నయ్యా, ఒక్కసారి నీ స్టిక్ ఇవ్వవా" అన్నాడు. ఇచ్చాను. వాడి చేతికి ఇస్తున్నప్పుడు నా వేలు ఆ టేప్ మీదే ఉంది.

వాడు స్లాప్ షాట్ కొట్టాడు. స్లాప్ షాట్‌లో కర్ర ముందు ఐస్‌ని తాకి వంగుతుంది, ఒంటి బరువంతా దాని మీద పడుతుంది, ఆ తర్వాతే పక్ తగులుతుంది. నీకు తెలిసిందే. ఆ వంపు సరిగ్గా ఆ టేప్ దగ్గరే వచ్చింది. టపాకాయ పేలినట్టు శబ్దం. వాడు ముందుకు పడ్డాడు, చేతిలో మిగిలిన ముక్క ఐస్‌కి తన్నుకుని లేచి, విరిగిన కొస గడ్డం కింద దిగింది.

నా ఉన్ని గ్లౌజుతో అదిమి పట్టుకున్నాను. కారు దగ్గరికి వెళ్ళేసరికి ఆ గ్లౌజు మీద రక్తం గడ్డకట్టి అట్టలా అయింది. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ చిన్న పటకారుతో చేప ముళ్ళకంటే సన్నటి నల్లటి చీలికల్ని ఒక్కొక్కటే తీస్తుంటే పక్కన నిలబడి చూశాను. తొమ్మిది కుట్లు వేసింది. "ఇంకో రెండు అంగుళాలు కిందకి తగిలుంటే" అని ఆగిపోయింది. ఆ వాక్యాన్ని నేను ఇరవై ఏళ్ళకి పైగా పూర్తి చేసుకుంటూనే ఉన్నాను.

మీ నాన్న గడ్డం కింద మచ్చ అదే. నీకు ఐస్ మీద పడ్డానని చెప్పుంటాడు. నేను నాయనమ్మకి చెప్పింది కూడా అదే. "చిన్నవాణ్ణి నీ దగ్గరికి పంపిస్తున్నా, చూసుకో నాన్నా" అని వాణ్ణి నాకు అప్పగించిన మనిషికి, తెనాలికి ఫోన్ చేసి, జారిపడ్డాడమ్మా అని అబద్ధం చెప్పాను. ఆ నల్ల టేప్ ఎందుకు చుట్టావని మీ నాన్న ఈ రోజు దాకా నన్ను అడగలేదు. బహుశా గమనించలేదేమో. గమనించి అడగలేదేమో అన్నదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

అందుకని నీకు కొంచెం గట్టిగానే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. "డబ్" అని వినిపించిన స్టిక్‌తో ఇంకో ప్రాక్టీస్ కూడా ఆడటానికి వీల్లేదు. మర్నాడు ఫైనల్ ఉన్నా వీల్లేదు. దాన్ని చిన్న టీమ్ పిల్లలకి దానం చెయ్యకు, షాపులో తిరిగి అమ్మకు, రంపంతో రెండు ముక్కలు చేసి చెత్తలో వెయ్యి. నాలుగు వందల డాలర్లు పోయాయని ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఆ డబ్బు నేను పంపిస్తాను. మొహమాట పడకు, నీకు కాకపోతే ఎవరికి పంపిస్తాను. మ్యాచ్‌లో విరిగితే చేతిలో ఉన్న ముక్క వెంటనే వదిలెయ్యి, పట్టుకుని ఆడితే రెండు నిమిషాల పెనాల్టీ కూడా. మెడ గార్డ్ ప్రాక్టీస్‌లో చిరాకేస్తోందని తీసేస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. తియ్యకు తల్లీ, నా మాట విను.

నీ నోట్‌బుక్ గురించి ఆలోచిస్తుంటే మళ్ళీ గర్వంగానే ఉంది. నేను పావలా బిళ్ళతో నలభై దాటాక నేర్చుకున్న పద్ధతి, పద్ధతి అని కూడా తెలియకుండా నీకు నువ్వే మొదలుపెట్టావు. ప్రతి పేజీలో తేదీ వెయ్యి, ఎన్ని గంటలు ఐస్ మీద ఉన్నావో రాయి, ఎక్కడ దెబ్బ తగిలిందో బొమ్మ గీసి చుక్క పెట్టు. డిసెంబర్ సెలవులకి మేం వస్తున్నాం. పెద్దమ్మ సున్నుండలు చేసుకొస్తానంటోంది. నేను నీ పక్కన కూర్చుని ఆ రికార్డింగులన్నీ ఒక్కొక్కటే వింటాను.

ఈ కవర్లో ఒక పావలా బిళ్ళ పెడుతున్నాను. కారిబూ బొమ్మ వైపు అంచు కొంచెం అరిగి ఉంటుంది, ఆ అంచుతోనే తట్టు. ఫ్యాక్టరీలో నా చొక్కా జేబులో ఉండేది ఇదే, ఆ డిసెంబర్ రాత్రి వంటగదిలో వాడింది కూడా ఇదే.

ఇప్పుడు ఈ ఉత్తరం మీ నాన్నకి ఇవ్వు. చదివాక వాడు నాకు ఎప్పుడు ఫోన్ చేసినా సరే, అర్ధరాత్రయినా ఎత్తుతాను.

మీ పెదనాన్న