ఎలక్షన్ డబ్బు మీద కంప్లైంట్ పెడితే తర్వాత ఏమవుతుంది? మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో అభ్యర్థుల ఖర్చు గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, దానికి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగా వచ్చాయి. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నా. నేను చెన్నైలో ఆడిట్ ఉద్యోగంలో ఉన్నప్పుడు రెండు ఎలక్షన్లకి అకౌంటింగ్ టీంలో డ్యూటీ పడింది, అప్పుడు చూసింది కూడా కలిపి చెప్తున్నా.

తండయార్‌పేట నుంచి ఒక చెల్లెమ్మ: అన్నయ్యగారూ, పోలింగ్‌కి రెండు రోజుల ముందు మా సందులో రాత్రిపూట ఓటుకి డబ్బు టోకెన్లు (తర్వాత చూపించి డబ్బు తీసుకునే చీటీలు) పంచుతుంటే మేడ మీద నుంచి ఎలక్షన్ కమిషన్ వాళ్ళ కంప్లైంట్ యాప్ సీ-విజిల్‌లో వీడియో తీసి పంపాను. గంటన్నర తర్వాత చూస్తే కంప్లైంట్ డ్రాప్ చేశాం అని వచ్చింది. ఇంత ధైర్యం చేసి పంపితే ఇదా ఫలితం? ఇంకోసారి పంపడం దండగేనా?

దండగ కాదమ్మా, కానీ నీ బాధ నాకు అర్థమైంది. ముందు ఆ యాప్ లోపల ఏం జరుగుతుందో చెప్తా. నువ్వు ఫోటో గానీ రెండు నిమిషాల లోపు వీడియో గానీ యాప్‌లోనే తీయాలి, ముందే తీసి గ్యాలరీలో పెట్టుకున్నది తీసుకోదు, తీశాక ఐదు నిమిషాల్లో పంపేయాలి. అది నేరుగా జిల్లా కంట్రోల్ రూమ్‌కి వెళ్తుంది, వాళ్ళు ఐదు నిమిషాల్లో దగ్గర్లో ఉన్న ఫ్లయింగ్ స్క్వాడ్‌కి, అంటే జీపులో తిరిగే తనిఖీ బృందానికి ఇవ్వాలి, స్క్వాడ్ పావుగంటలో అక్కడికి చేరాలి, అరగంటలో విచారించి రిపోర్ట్ పంపాలి, మిగిలిన యాభై నిమిషాల్లో ఆ నియోజకవర్గం ఎన్నిక నడిపే రిటర్నింగ్ ఆఫీసర్ నిర్ణయం తీసుకోవాలి. అంతా కలిపి 100 నిమిషాలు. నీకు గంటన్నరకి జవాబు వచ్చిందంటే ఎవరో ఒకరు వచ్చి చూసే ఉంటారు.

మరి ఎందుకు డ్రాప్ అయింది అంటే, యాప్ తీసుకునే లొకేషన్ నువ్వు నిలబడ్డ చోటుది, పంచుతున్న చోటుది కాదు. ఉత్తర చెన్నై సందులు తెలిసినవే కదా, మేడ మీద నుంచి అవతలి వీధి మొగ కనిపిస్తుంది గానీ జీపు అక్కడికి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి రావాలి, ఈలోపు పంచేవాళ్ళు ఇంకో వీధిలో ఉంటారు. స్క్వాడ్‌కి అక్కడ మనిషీ లేడు, టోకెనూ లేదు, వీడియోలో మొహాలు చీకటి, ఏమీ దొరకలేదు అని రాసేస్తారు. అందుకే వీడియోతో పాటు డిస్క్రిప్షన్‌లో రాయి: ఏ వీధి, ఏ డోర్ నంబర్ ముందు, బండి నంబర్ ఎంత, ఏ అభ్యర్థి పేరు చెప్పి ఇస్తున్నారు, ఎటు వెళ్తున్నారు. ఆ ఒక్క లైన్ ఉంటే స్క్వాడ్ నీ మేడ దగ్గరికి కాకుండా బండి దగ్గరికి వెళ్తుంది. యాప్‌తో ఆగకుండా అదే రాత్రి ఎలక్షన్ హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకో, తెల్లారి రిటర్నింగ్ ఆఫీసర్‌కి, ఖర్చులు గమనించడానికి కమిషన్ పంపే ఎక్స్‌పెండిచర్ అబ్జర్వర్‌కి కాగితం మీద రాసిచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకో. నీ పేరు బయటికి రాకూడదు అనుకుంటే యాప్‌లో పేరు లేకుండా పంపొచ్చు, కానీ అలా పంపితే తర్వాత స్టేటస్ నీకు తెలియదు, అది చూసుకుని ఎంచుకో.

ఇంకో మాట, ఓటుకి డబ్బివ్వడం అనేది ఖర్చు లెక్కలో చూపిస్తే సరిపోయే సంగతి కాదు, అది లంచం, నేరం. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 170, 173 సెక్షన్లు, ఏడాది దాకా జైలు. ఇచ్చినవాడికే కాదు తీసుకున్నవాళ్ళకీ వర్తిస్తుంది, ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది మెల్లగా చెప్పండి.

కంప్లైంట్లకి విలువ లేదు అనుకోకు, నువ్వున్న ఏరియా సంగతే చూడు. ఆర్.కె. నగర్ ఉప ఎన్నిక 2017 ఏప్రిల్ 12న జరగాలి, మూడు రోజుల ముందు ఏప్రిల్ 9 రాత్రి ఎలక్షన్ కమిషన్ రద్దు చేసేసింది. పార్టీల నుంచి కంప్లైంట్లు, అబ్జర్వర్ల రిపోర్టులు, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ సోదాల్లో దొరికిన దాదాపు 89 కోట్ల పంపకం లెక్కల కాగితాలు, ఇవన్నీ కలిస్తే అది జరిగింది. మళ్ళీ డిసెంబర్ 21న పెట్టారు. అంతకుముందు 2016లో తంజావూరు, అరవకురిచ్చి ఎన్నికలు ఆపి నవంబర్‌లో పెట్టారు, 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నిక పోలింగ్‌కి రెండు రోజుల ముందు రద్దయి ఆగస్టు 5న జరిగింది. అయితే నాకు నచ్చని సంగతి కూడా చెప్తా, ఎన్నిక రద్దయింది గానీ పంచినవాళ్ళు మళ్ళీ పోటీ చేయకుండా ఆపే దారి కమిషన్ చేతిలో లేదు. డిసెంబర్‌లో అదే ఆర్.కె. నగర్‌లో 20 రూపాయల నోట్లు టోకెన్లుగా ఇచ్చారని మళ్ళీ వార్తలొచ్చాయి.

వడపళని నుంచి టెంట్ హౌస్ నడిపే తమ్ముడు: సార్, మీటింగ్‌కి కుర్చీలు, షామియానా, స్టేజి నేనే వేశాను. కుర్చీలు మూడొందల పైనే. ఇప్పుడు బిల్లు వందకే రాసిమ్మంటున్నారు, మిగతాది చేతికిస్తారంట. రాయకపోతే రేపు ఆర్డర్లు రావు. ఏం చేయాలి?

రాయొద్దు తమ్ముడూ. నీతి కోసం చెప్పట్లేదు, దొరికిపోతావు కాబట్టి చెప్తున్నా.

నేను కూర్చున్న టీం పని ఏంటో విను. ప్రతి పెద్ద మీటింగ్‌కీ వీడియో టీం వెళ్తుంది. కెమెరా ఆన్ చేయగానే ఆ ఆఫీసర్ గొంతు వినిపిస్తుంది, ఇది ఫలానా అభ్యర్థి సభ, తేదీ ఇది, చోటు ఇది, స్టేజి సుమారు ఇంత పొడుగు, కుర్చీలు ఇన్ని, ఫ్లెక్సీలు ఇన్ని, వచ్చిన బండ్లు ఇవి అని నంబర్లతో సహా చదువుతాడు. ఆ సీడీ సాయంత్రానికి వీడియో చూసి ఖర్చు గుర్తించే వ్యూయింగ్ టీంకి వస్తుంది. ఒకసారి ఒక అభ్యర్థి ఏజెంట్ తన రిజిస్టర్‌లో వంద కుర్చీలు అని రాసుకొచ్చాడు, మేము వీడియో ఆపి వరసలు లెక్కపెట్టాం, వరసకి 26, అలాంటివి 12 వరసలు, అంటే 312. ఆయనకే చూపించాం, స్క్రీన్ దగ్గరికొచ్చి వేలు పెట్టి తనే మళ్ళీ ఎంచుకున్నాడు, ఏమీ అనలేదు, సంతకం పెట్టాడు. షాడో రిజిస్టర్ అంటే అదే, అభ్యర్థి రాసుకునే లెక్క ఒకటి, మేము పక్కన రాసేది ఒకటి. ఒక్కో కుర్చీకి, ఒక్కో అడుగు స్టేజికి, ప్లేటు బిర్యానీకి రేటు ఎంతో ముందే పార్టీలతో మాట్లాడి జిల్లా ఎన్నికల అధికారి లిస్ట్ పెడతారు, నీ బిల్లులో రేటు తక్కువ వేసినా ఆ లిస్ట్ ప్రకారమే లెక్క కడతారు.

ప్రచారం జరిగే రోజుల్లో అభ్యర్థి రిజిస్టర్‌ని కనీసం మూడుసార్లు చెకింగ్‌కి తేవాలి. అందులో రోజువారీ ఖర్చుకి తెల్ల పేజీలు, క్యాష్‌కి గులాబీ పేజీలు, బ్యాంకుకి పసుపు పేజీలు ఉంటాయి. తేడా కనిపించినా, ఎవరైనా కంప్లైంట్ ఇచ్చినా రిటర్నింగ్ ఆఫీసర్ 24 గంటల్లో నోటీస్ ఇవ్వాలి, అభ్యర్థి 48 గంటల్లో జవాబు చెప్పాలి, చెప్పకపోతే ఆ ఖర్చు అతని మీదే వేస్తారు. అప్పుడు మొదట పిలిచేది ఎవర్ని, బిల్లు మీద పేరున్న నిన్నే. ఎన్ని కుర్చీలు వేశావో అన్నే రాయి. ఎన్నిక మొత్తం మీద ఒక మనిషికి 10,000 దాటితే క్యాష్ ఇవ్వకూడదు, అభ్యర్థి ఎన్నికల ఖాతా నుంచి చెక్కో ట్రాన్స్‌ఫరో చేయాలి, అది అడుగు. నీ డబ్బు కూడా నిలవదు, ఎలక్షన్ అయ్యాక ఓడినవాడి దగ్గర బాకీ వసూలు ఎంత కష్టమో నీకు నేను చెప్పాలా.

పెద్ద నాయకుడు వస్తే ఆయన విమానం, హెలికాప్టర్ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు, చట్టమే వదిలేసింది, గుర్తింపు ఉన్న పార్టీకి అలాంటివాళ్ళు 40 మంది దాకా. కానీ అదే స్టేజి మీద అభ్యర్థి కూర్చున్నా, ఆయన ఫోటో పెట్టినా ఆ సభ ఖర్చు ఆయన వాటాకి వస్తుంది. అందుకే కొన్ని సభల్లో అభ్యర్థి కింద ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతుంటాడు.

షావుకారుపేట నుంచి ఒక వ్యాపారి: చెక్‌పోస్ట్‌లో నా సరుకు డబ్బు లక్షా ఎనభై వేలు పట్టుకున్నారు. నాకూ రాజకీయానికీ సంబంధం లేదు. ఎవరికి మొర పెట్టుకోవాలి?

రూల్‌లో రాసి ఉన్నది, అభ్యర్థి గానీ ఏజెంట్ గానీ పార్టీ మనిషి గానీ ఉన్న బండిలో 50,000 దాటిన క్యాష్ దొరికితే సీజ్ చేయమని. రోడ్డు మీద మాత్రం కాగితం లేని ప్రతివాడి డబ్బూ ఆపుతున్నారు, ఇది వ్యాపారులకి నిజంగా అన్యాయమే. అయితే దీనికి దారి ఉంది, సీజ్ చేసిన కాగితం మీదే అప్పీల్ ఎవరికి చేయాలో రాసి ఉంటుంది, జిల్లాలో ముగ్గురు ఆఫీసర్ల కమిటీ ఉంటుంది, మీరు కొనుగోలు బిల్లు, బ్యాంకు విత్‌డ్రాయల్ స్లిప్, జీఎస్టీ కాగితం పట్టుకెళ్ళండి. ఎన్నికకి సంబంధం లేదని తేలితే డబ్బు వదిలేయాలి, కేసు లేకుండా పోలింగ్ అయ్యాక ఏడు రోజులకి మించి ఉంచుకోకూడదు. పది లక్షలు దాటితే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు వస్తారు, అది వేరే కథ.

పెరంబూరు నుంచి రిటైర్డ్ మాస్టారు: ఇవన్నీ ఎన్నికల ముందు హడావిడి. గెలిచాక ఎవరి పదవైనా పోయిందా? సామాన్యుడు ఏం చేయగలడు?

మాస్టారూ, ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే నేను కూడా ఇదే ప్రశ్నతో రిటైర్ అయ్యాను.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ, ఓడినవాళ్ళతో సహా, లెక్క ఇవ్వాలి. 2022 జనవరిలో పెంచాక తమిళనాడు లాంటి పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీకి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు. లెక్క ఇవ్వకపోతే, సరైన పద్ధతిలో ఇవ్వకపోతే ప్రజా ప్రాతినిధ్య చట్టం 10ఏ సెక్షన్ కింద కమిషన్ మూడేళ్ళు అనర్హుడిగా ప్రకటిస్తుంది. ఇందులో ఎక్కువగా చిక్కేది లెక్కే ఇవ్వకుండా ఊరుకున్న చిన్న ఇండిపెండెంట్లు, పెద్దవాళ్ళకి ఆడిటర్లు ఉంటారు, కాగితం టైంకి వచ్చేస్తుంది.

కాగితం వస్తే చాలదు, అందులో ఉన్నది నిజమా అని కూడా కమిషన్ చూడొచ్చని సుప్రీంకోర్టు 2014 మేలో మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కేసులో చెప్పింది. దానికి ముందే 2011 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్, పేపర్లో వార్తలాగా వేయించుకున్న ప్రకటనల ఖర్చు చూపించలేదని మూడేళ్ళు అనర్హురాలైంది. అంటే జరుగుతుంది. కానీ ఎంత ఆలస్యమో చూడండి, మధ్యప్రదేశ్ నాయకుడు నరోత్తం మిశ్రా 2008 ఎన్నిక లెక్క మీద అనర్హుడని కమిషన్ నిర్ణయం వచ్చింది 2017 జూన్‌లో, మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు దాన్నీ కొట్టేసింది. కంప్లైంట్ ఇచ్చినవాళ్ళు అప్పటికి ఎన్ని ఎన్నికలు చూసి ఉంటారు చెప్పండి. చవాన్‌కి లెక్క సరిగా లేదని కమిషన్ ఇచ్చిన నోటీస్ కూడా హైకోర్టులో నిలవలేదు.

పరిమితి దాటి ఖర్చు పెట్టాడు కాబట్టి గెలుపు చెల్లదు అనాలంటే కమిషన్‌తో పని కాదు, ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేయాలి, అది ఆ నియోజకవర్గం ఓటరు కూడా వేయొచ్చు. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, ఆచరణలో ఐదేళ్ళ పదవీకాలం అయిపోయేదాకా సాగినవి చాలా. పైగా అభ్యర్థికే పరిమితి, పార్టీ పెట్టే ఖర్చుకి పరిమితే లేదు. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద కన్నం ఇదే, మేము రాత్రి పదకొండింటి దాకా కుర్చీలు ఎంచుతుంటే బయట పార్టీ పేరు మీద ఎంత పోస్తున్నారో మాకు లెక్కే అక్కర్లేదు.

అయినా సామాన్యుడు చేయగల పని ఒకటుంది, దాన్ని ఎవరూ వాడట్లేదు. 1961 ఎన్నికల నిర్వహణ రూల్స్‌లో 88వ రూల్ ప్రకారం ఒక్క రూపాయి ఫీజు కట్టి ఏ అభ్యర్థి లెక్కనైనా ఎవరైనా చూడొచ్చు, వేరే ఫీజుకి కాపీ కూడా తీసుకోవచ్చు. చెన్నైకి జిల్లా ఎన్నికల అధికారి కార్పొరేషన్ కమిషనరే, ఆఫీసు రిప్పన్ బిల్డింగ్. మీ వీధిలో జరిగిన మీటింగ్ తేదీ మీకు గుర్తుంటుంది, మీ దగ్గర ఫోటో ఉంటుంది. ఆ తేదీ ఎదురుగా రిజిస్టర్‌లో ఏం రాశారో చూసి, ఏమీ రాయకపోతే ఆ పేజీ కాపీ, మీ ఫోటో కలిపి కంప్లైంట్ పెడితే దాన్ని కొట్టేయడం కష్టం. "వాడు కోట్లు ఖర్చు పెట్టాడు" అని రాసిన ఉత్తరాలు నేను కట్టలు కట్టలు చూశాను, ఒక్కదానిలో తేదీ లేదు, చోటు లేదు, మేము ఏ పేజీతో పోల్చి చూడాలి?

అన్నానగర్ నుంచి ఒక అమ్మ: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు, వర్క్ వీసా. అక్కడ ఎన్నికల ప్రచారానికి విరాళం అడుగుతున్నారట. ఇవ్వొచ్చా? అక్కడ కంప్లైంట్లు ఎవరు చూస్తారు?

ఇవ్వకూడదమ్మా. అక్కడి చట్టంలో విదేశీయులు విరాళం ఇవ్వడం నిషేధం, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. డబ్బు తీసుకోకుండా వాలంటీర్‌గా పనిచేస్తే ఇబ్బంది లేదు. అక్కడ ప్రెసిడెంట్, కాంగ్రెస్ ఎన్నికల డబ్బుకి ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని వేరే ఉంది. కంప్లైంట్ ఎవరైనా ఇవ్వొచ్చు, కానీ పేరు, అడ్రస్ రాసి ప్రమాణం చేసి నోటరీ చేయించాలి, పేరు లేని ఉత్తరం పనికిరాదు. ఎవరి మీద ఇచ్చారో వాళ్ళకి 15 రోజులు జవాబుకి టైం. కమిషనర్లు ఆరుగురు, విచారణ మొదలుపెట్టాలన్నా నలుగురు ఒప్పుకోవాలి, మూడూ మూడూ అయితే కేసు అక్కడే ఆగుతుంది. 2025లో సభ్యులు తగ్గి కోరం, అంటే నిర్ణయం తీసుకోవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య కూడా పోయింది.

వ్యాసర్పాడి నుంచి: కౌన్సిలర్ ఎన్నికలో డబ్బు పంచితే ఢిల్లీకి రాయాలా?

అక్కర్లేదు. లోకల్ బాడీ ఎన్నికలు ఢిల్లీ కమిషన్ కింద ఉండవు, అవి తమిళనాడు స్టేట్ ఎలక్షన్ కమిషన్ చూసుకుంటుంది, ఆఫీసు కోయంబేడులో. అభ్యర్థి లెక్కల సంగతీ వాళ్ళ కిందే. ఢిల్లీకి రాస్తే తిప్పి పంపేలోపు ఎన్నిక అయిపోతుంది, మీరు బస్సెక్కి కోయంబేడు వెళ్ళి కాగితాలు తీసుకునే టపాల సెక్షన్‌లో ఇచ్చి సీల్ వేయించుకుని రండి.