పైడిరాజు మెడలో ఆ మణి వద్దు

శ్రీకాకుళం,
ఆదివారం ఉదయం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన కథ మూడు భాగాలూ చదివాను. మొదటి భాగం ఒకసారి, మిగతావి రెండేసి సార్లు. నాగావళి అడుగున మునిగిన ఊరు, రాత్రిపూట మాత్రమే తెరుచుకునే రేవు, ఆ రేవుకు కాపలా కాసే ముసలి కొంగ! చదువుతుంటే చిన్నప్పుడు చందమామ కోసం పోస్టుమాన్‌కు ఎదురు వెళ్లిన రోజులు గుర్తుకొచ్చాయి. ఊహకు నీకు లోటు లేదు. కాబట్టి దాని గురించి ఇక రాయను. నా బెంగంతా పైడిరాజు గురించి.

మొదటి భాగంలో వాడు 12 ఏళ్ల పిరికి పిల్లవాడు. చీకటంటే భయం, నీళ్లంటే భయం, పక్కింటి కుర్రాడి ఈత చూస్తే కడుపుమంట. ఎంత నిజంగా ఉన్నాడో! రెండో భాగం పదో అధ్యాయంలో సిద్ధుడు వచ్చి వాడి మెడలో ధైర్యమణి కట్టాడు. మరుసటి పేజీకల్లా వాడు వీరుడైపోయాడు. మూడో భాగానికి వచ్చేసరికి దయ, క్షమ, ఓర్పు అన్నీ ఉన్నాయని నువ్వే చెబుతున్నావు. అవి ఏ రోజున, ఎవరి దగ్గర, ఏం చేస్తుండగా వచ్చాయో ఎక్కడా లేదు. నేను ఇష్టపడ్డ పైడిరాజు పదో అధ్యాయంలోనే పోయాడమ్మా. ఆ తరువాత వాడి చొక్కా తొడుక్కుని ఇంకెవరో తిరుగుతున్నారు.

ఆ మణి తీసెయ్యి. ఎగిరే శక్తి ఇవ్వు, చేపల భాష ఇవ్వు, ఏ సిద్ధుడి చేతనైనా ఇప్పించు. శక్తిని దానం చేయవచ్చు. గుణాన్ని మాత్రం చేయకూడదు. వాడు ఏదో పోగొట్టుకోవాలి, దాని తరువాత చాలా కాలానికి, వాడికే తెలియకుండా ఆ గుణం వాడి చేతుల్లోకి రావాలి.

హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలూ కంఠస్థం అన్నావు కదా, అందులోంచే చెబుతాను. 2003లో వచ్చిన ఐదో పుస్తకంలో హ్యారీకి 15 ఏళ్లు. శత్రువు తన మనసులోకి చొరబడకుండా అడ్డుకునే విద్య నేర్పిస్తుంటే నేర్చుకోడు. నేర్పే గురువంటే గిట్టదు, పైగా ఆ దృశ్యాలు కనబడాలనే లోలోపల కోరిక. చివరికి శత్రువు చూపించిన అబద్ధాన్ని నమ్మి పరుగెత్తుతాడు. తండ్రి లాంటి సిరియస్ ఆ రాత్రి చనిపోతాడు. ఇంకెవరైనా అయితే ఆరో పుస్తకం మొదట్లోనే ‘హ్యారీకి నిగ్రహం అలవడింది’ అని రాసేసేవారు. రచయిత్రి రౌలింగ్ తొందరపడలేదు. 2007 నాటి ఏడో పుస్తకంలో, నేస్తం డాబీ చనిపోయాక, హ్యారీ మంత్రం వద్దనుకుని పార పట్టి సమాధి తవ్వుతాడు. చెమట కారుతుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి. అలా తవ్వుతుండగానే, ఏ పాఠంలోనూ పట్టుబడని ఆ విద్య వాడికి పట్టుబడుతుంది. శత్రువు మనసు వచ్చి తగులుతున్నా లోపలికి రానివ్వడు. అన్నిటికంటే బలమైన మంత్రదండం కోసం శత్రువు వెళుతున్నాడని తెలిసి కూడా దాని వెనక పరుగెత్తడు. 15 ఏళ్లప్పుడు ఆగలేని పిల్లవాడు 17 ఏళ్లకు ఆగాడు. ఈ రెండింటి మధ్య ఎన్ని వందల పేజీలు ఉన్నాయో, ఎంతమంది పోయారో ఒకసారి పుస్తకాలు తిరగేసి చూడు.

మూడో పుస్తకంలో దయ సంగతి కూడా అంతే. తన తల్లిదండ్రులను పట్టించిన పెటిగ్రూను చంపవద్దని హ్యారీ అడ్డుపడతాడు. ఆ రాత్రే పెటిగ్రూ తప్పించుకుపోయి, తరువాత మళ్లీ తన యజమానిని, అంటే హ్యారీ శత్రువునే చేరుకుంటాడు. అంటే ఆ దయ వల్ల ముందు చెడే జరిగింది. అదే పెటిగ్రూ ఏడో పుస్తకంలో హ్యారీ గొంతు పట్టుకున్నప్పుడు, ఆ మాట గుర్తుచేయగానే, వాడి పట్టు ఒక్క క్షణం సడలుతుంది. ఆ క్షణం కోసం నాలుగు పుస్తకాలు ఆగాలి. నువ్వు పైడిరాజు చేసిన మంచికి ఆ అధ్యాయంలోనే బహుమానం ఇచ్చేస్తున్నావు. అలా ఇస్తే అది బేరం అవుతుంది.

మన వాళ్లకు ఇది తెలియనిది కాదు. భారతంలో అర్జునుడు రాత్రి భోంచేస్తుంటే గాలికి దీపం ఆరిపోతుంది. చీకట్లోనూ చెయ్యి నేరుగా నోటికే వెళుతోందని గమనించి, వెంటనే లేచి చీకట్లో బాణాలు వేయడం మొదలుపెడతాడు. వరమూ లేదు, శాపమూ లేదు. అన్నం ముద్ద ఒక్కటే.

మరొకటి నేను కళ్లారా చూసినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక ఉద్దానంలో మా బంధువుల ఊరికి వెళ్లాను. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కరెంటు లేదు, మోటార్లు లేవు. జనరేటరు తెచ్చి నీళ్లు తోడుతుంటే ఊరంతా బిందెలతో వరుస కట్టింది. ఒక కుర్రాడు, నీ పైడిరాజు వయసే ఉంటుంది, మొదటి రోజు ఒక ముసలామెను నెట్టుకుని ముందుకు వెళ్లాడు. ఆమె వాడి తల్లిని పట్టుకుని నానా మాటలూ అంది. మూడో రోజు వాడే ఆమె బిందె అందుకుని తన బిందె కంటే ముందు పెట్టాడు. ఎందుకు నాన్నా అని అడిగితే, ‘లేకపోతే మా అమ్మను తిడుతుంది’ అన్నాడు. నేను ఊరు వదిలే రోజున ఆ ముసలామె వరుసలో లేదు, జ్వరంతో పడుకుంది. ఆ రోజు తిట్టేవాళ్లు ఎవరూ లేరు. అయినా వాడు రెండు బిందెలు మోసుకుని వెళుతున్నాడు. ముఖం చిట్లించుకునే వెళుతున్నాడు. పైడిరాజుకు ఆ చిట్లించుకున్న ముఖం కావాలి. మొదట్లో వాడి మంచితనంలో భయమో, గొప్ప అనిపించుకోవాలన్న ఆశో కలిసి ఉండనివ్వు. కడిగిన ముత్యంలా పెట్టకు.

ఓర్పు కోసం నువ్వు ఎక్కడికీ వెళ్లక్కరలేదు, మీది పొందూరు. మీ ఇంటికి వచ్చినప్పుడు మీ నాయనమ్మగారు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుండగా అరగంట కూర్చుని చూశాను. గింజకు అంటుకుని ఉన్న దూదిని, గింజ గింజకూ విడిగా, ఆ దవడకున్న సన్నటి పళ్లతో దువ్వుతున్నారు. ఒత్తిడి కొంచెం ఎక్కువైతే పోగు తెగుతుంది, తక్కువైతే నలుసు పోదు. నీ మూడో భాగంలో ‘పైడిరాజు మహా ఓర్పు గలవాడు’ అనే వాక్యం ఉంది. అది కొట్టేసి, వాడిని ఒక అవ్వ పక్కన కూర్చోబెట్టి ఆ దవడ చేతికివ్వు. మొదటి సాయంత్రం వాడు ఎంత పత్తి పాడుచేశాడో, అవ్వ ఏమీ అనకుండా ఆ పాడైన దూదిని ఎలా పక్కన పెట్టిందో రాయి. అక్కడ ఓర్పు అవ్వది. వాడికి రావడానికి ఇంకో భాగం పడుతుంది.

ఇక పదో అధ్యాయం. సిద్ధుడిని రానివ్వకు. ఆ రాత్రి పక్కింటి కుర్రాడు రేవులో చిక్కుకుని కేక వేయాలి. పైడిరాజు ఆ కేక వినాలి. మెట్ల మీదే ఆగిపోవాలి. తెల్లారాక, ‘నాకేమీ వినపడలేదు’ అని ఆ పిల్లవాడి తల్లితో అబద్ధం చెప్పాలి. మూడో భాగమంతా ఆ అబద్ధాన్ని వాడు మోయాలి, ఆమె వాడికి అన్నం పెడుతూ ఉండాలి. రోజూ రాత్రి కొంగకు మేత వేసే పని వాడి మీద పడనివ్వు. భయం పోయిందని ఎక్కడా రాయకు. రేవుకు 41 మెట్లు ఉన్నాయని నువ్వే రాశావు. వాడు లెక్కపెట్టుకుంటూ దిగుతాడు, మొదట 6 దగ్గర ఆగి వెనక్కి వస్తాడు, తరువాత 15. ఒక రోజు ఆ తల్లి గురించి ఆలోచిస్తూ లెక్క తప్పుతాడు. తల ఎత్తి చూసేసరికి పాదాల దగ్గర నీళ్లు ఉంటాయి.

ఈ వారంలో మా ఊళ్లోని కథల గ్రంథాలయం, కథానిలయానికి వస్తానన్నావుగా. 1997లో కథకుడు కాళీపట్నం రామారావుగారు, మన కారా మాస్టారు, దాన్ని మొదలుపెట్టారు, హ్యారీ మొదటి పుస్తకం వచ్చిందీ ఆ ఏడాదే. పిల్లలు పెద్దవాళ్లయ్యే కథలు పది తీసి చదువు, ఆ పిల్లలు ఏం పోగొట్టుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని మా ఇంటికి రా. మధ్యాహ్నం భోజనం ఇక్కడే. పదో అధ్యాయం మాత్రం సంక్రాంతి లోపల తిరగరాసి పంపు.

ఆ ముసలి కొంగను ఏమీ మార్చకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు