నాలుగు గంటలు కరెంటు పోతే లక్ష రూపాయల పెట్టె కొనాలా?

ప్రశ్న: హనుమకొండలో అద్దెకు ఉంటున్నాం. అమ్మానాన్నలు భూపాలపల్లి దగ్గర సొంతూళ్లో ఉంటారు. ఎండాకాలం గాలిదుమారం లేస్తే సాయంత్రం మూడు నాలుగు గంటలు కరెంటు ఉండదు. 1 కిలోవాట్-అవర్ (ఒక యూనిట్) పోర్టబుల్ పవర్ స్టేషన్, అంటే ప్లగ్గులున్న బ్యాటరీ పెట్టె, 78,000, మడతపెట్టే 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు 36,000 అన్నారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. బిల్లు కూడా తగ్గుతుంది, ఊరికీ తీసుకెళ్లొచ్చు అనుకుంటున్నాం. ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కలిపి 30,000 చెప్పారు. నెల ఖర్చు 40,000, బ్యాంకులో 1,80,000 ఉంది. ఏది మేలు?

జవాబు: ముందు ప్యానెళ్లు పక్కన పెట్టండి. మీకు కరెంటు పోయేది నాలుగు గంటలు, ఉండేది ఇరవై గంటలు. పెట్టెను గోడ ప్లగ్గుతోనే నింపుకోవచ్చు. కరెంటు రోజుల తరబడి రాకపోతేనే ప్యానెల్‌తో పని.

బిల్లు సంగతి చూద్దాం. రోజూ ప్యానెళ్లు డాబా మీద పరిచి, పెట్టె నింపి, రాత్రికి ఖాళీ చేసినా రోజుకు ఒక యూనిట్, నెలకు 30 యూనిట్లు. యూనిట్ 7.70 రూపాయల శ్లాబులో ఉన్నా మిగిలేది నెలకు 231 రూపాయలు. ప్యానెళ్ల ధర ఒక్కటే రావడానికి 13 ఏళ్లు పడుతుంది. మడత ప్యానెళ్లు మన ఎండకు అన్నేళ్లు నిలవవు. ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద మీకు జీరో బిల్లు వస్తుంటే ఆ 231 కూడా మిగలదు.

అదే 30 యూనిట్లు రెండు ఫ్యాన్లు మారిస్తే మిగులుతాయి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ 30. రోజుకు 12 గంటలు తిరిగితే రెండింటి మీద నెలకు 32 యూనిట్లు. ఖర్చు 6,500 దాకా. ఇల్లు మారినా విప్పి తీసుకెళ్లొచ్చు.

బ్యాకప్ కూడా ఇక్కడే మారిపోతుంది. రెండు పాత ఫ్యాన్లు, 9 వాట్ల బల్బులు నాలుగు, వైఫై, ల్యాప్‌టాప్ కలిపితే సుమారు 246 వాట్లు. 1 కిలోవాట్-అవర్ పెట్టెలో నష్టాలు పోగా చేతికొచ్చేది 850 వాట్-అవర్లు, అంటే మూడున్నర గంటలు. ఫ్యాన్లు మారిస్తే లోడు 156కి దిగుతుంది, అదే పెట్టె ఐదు గంటలు దాటుతుంది. ఫ్రిజ్ జోలికి పోవద్దు. తలుపు తెరవకపోతే నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ కాగితం మీద 1,800 వాట్-అవర్లు (12 వోల్టులు ఇంటూ 150 ఏహెచ్). సగం దాకా వాడుకుంటే నష్టాలు పోగా 765 వస్తాయి, మీ కొత్త లోడుకు దాదాపు ఐదు గంటలు. గాలిదుమారం రోజున ఇంకాస్త లోతుగా దించినా పరవాలేదు, రోజూ అలా చేస్తేనే ప్లేట్లు పాడవుతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్న పెట్టె ఎక్కువ ఏళ్లు మన్నుతుంది, నిజమే. కానీ ఏడాదిలో కొన్ని సాయంత్రాలే వాడే ఇంట్లో ఆ మన్నికకు 48,000 అదనంగా పెట్టమని నేను చెప్పను. ట్యూబులర్‌కు గాలి తగిలే చోటు, మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూడటం, వైరింగ్‌కు ఇంటి ఓనర్ ఒప్పుకోలు కావాలి. ఓనర్ ఒప్పుకోకపోతే మాత్రం బ్యాటరీ పెట్టె ఒక్కటే దారి, అదీ ప్యానెళ్లు లేకుండా.

ఊరికి తీసుకెళ్లడం గురించి ఒక్కటి ఆలోచించండి. గాలిదుమారం రెండు చోట్లా ఒకే సాయంత్రం రావచ్చు, పెట్టె ఒకచోటే ఉంటుంది. అమ్మానాన్నలకు చార్జింగ్ ఫ్యాన్, చార్జింగ్ బల్బులు రెండు అక్కడే ఉండనివ్వండి. ఐదు వేల లోపు అయిపోతుంది.

ఇక డబ్బు. ఆరు నెలల ఖర్చు, అంటే 2,40,000, ఆపద నిధిగా ఉండాలి. మీకు 60,000 తక్కువుంది, కాబట్టి బ్యాంకులోది ముట్టొద్దు. 1,14,000కు ఈఎంఐ నెలకు 9,500. ‘నో కాస్ట్’ అన్నా బ్యాంకు వడ్డీ లెక్కగట్టి దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది. 15 శాతం వడ్డీ అయితే అదే 1,500 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఆ 9,500 మీరు కట్టగలరన్నమాటే కదా. మొదటి నెల ఫ్యాన్లు కొనండి. నాలుగో నెలకల్లా 38,000 అవుతుంది, ఇన్వర్టరూ నగదుతో వచ్చేస్తుంది. మిగిలిన ఎనిమిది నెలల్లో 76,000 చేరుతుంది. ఊరి సామాన్లు కొన్నా నిధి లోటు పూడుతుంది.

ఊళ్లో నాన్నగారి పేరు మీద మీటరుండి, బిల్లు గట్టిగా వస్తుంటే ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ వేరే లెక్క. 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. మడత ప్యానెళ్లకు అది రాదు. అయితే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్, కరెంటు పోగానే ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం అలా తయారుచేస్తారు. దాన్ని బ్యాకప్ అనుకోకండి.

2023 జూలైలో భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచినలాంటి వరద భయం మీ ఊరికీ ఉంటే, తర్వాతెప్పుడైనా పెట్టె, ప్యానెల్ కొనడంలో అర్థముంది. అప్పుడు మడతవి కాదు, గాజు ప్యానెల్ తీసుకోండి. పెట్టె సోలార్ ఇన్‌పుట్ 60 వోల్టుల దాకా అని ఉంటే, 50 వోల్టుల ప్యానెల్ ఒకటే పెట్టాలి. రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపితే 100 వోల్టులై ఇన్‌పుట్ కాలిపోతుంది. కోతులు లాగకుండా వైరును పైపులో నడిపించండి. ప్యానెల్ ఎండలో ఉన్నా పెట్టె నీడలోనే ఉండాలి, 45 డిగ్రీలు దాటితే చాలా పెట్టెలు చార్జింగ్ ఆపేస్తాయి. వాడనప్పుడు పెట్టె మీద ప్లగ్గులకు కరెంటిచ్చే ఏసీ స్విచ్ ఆపేయండి, లేదంటే ఊరికే గంటకు 10 నుంచి 20 వాట్-అవర్లు తినేస్తుంది. రెండు వైపులా పిన్నులున్న వైరుతో పెట్టెను గోడ సాకెట్‌కు మాత్రం ఎప్పుడూ కలపొద్దు. ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళ్లి స్తంభం మీదున్న మనిషిని చంపుతుంది.