టెక్ సందేహాలు: పల్లె కబుర్లు, ఊరి చరిత్ర, మంచి తిండి ఎక్కడ చదవాలి?

ప్రశ్న: మా నాన్నగారు ఈమధ్యే రిటైరయ్యారు. పల్లెటూరి సంగతులు, ఊళ్ల చరిత్ర, పాత వంటలంటే ఆయనకు ప్రాణం. ట్యాబ్ కొనిచ్చాను గానీ రోజంతా చిన్న చిన్న వీడియోలే చూస్తున్నారు. తీరిగ్గా చదువుకునే సైట్లు చెబుతారా?

జవాబు: ముందు ‘పరి’ తెరిచివ్వండి. పూర్తి పేరు పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టారు. రైతులు, నేతగాళ్లు, కూలీలు, జాలర్ల బతుకులు వాళ్ల నోటి మాటల్లోనే ఉంటాయి. భాషల జాబితాలో తెలుగు ఎంచుకోండి. మహారాష్ట్ర ఆడవాళ్లు తిరగలి విసురుతూ పాడిన పాటలు లక్షకు పైగా సేకరించిన పెద్ద పని కూడా ఇందులోనే ఉంది. నాన్నగారికి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించండి.

ఊరి చరిత్రకు పాత పుస్తకాల స్కాన్లు దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను మించింది లేదు. బ్రిటిష్ కాలపు జిల్లా గెజిటీర్లు, అంటే జిల్లా వివరాల పుస్తకాలు, అందులో ఉచితంగా చదవొచ్చు. హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీర్, ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజిటీర్ 1907లో వచ్చాయి. పంటలు, కాలువలు, కరవులు, తాలూకాలవారీగా ఊళ్ల వివరాలు ఉంటాయి. పుస్తకం తెరిచాక భూతద్దం గుర్తు నొక్కి ఊరి పేరు వెతకొచ్చు. అయితే ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టాలి. కాకినాడ అంటే దొరకదు, కొకనాడ (Cocanada) అనాలి. విజయవాడ బెజవాడ (Bezwada)గా, ఏలూరు ఎల్లోర్ (Ellore)గా, బందరు మసులిపటం (Masulipatam)గా కనిపిస్తాయి.

తెలుగు పుస్తకాలకు ఇంకో చిక్కుంది. పాత స్కాన్లలో చాలావాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కించారు. తెలుగులో టైపు చేసి దొరకలేదని వదిలేయొద్దు. దీర్ఘానికి ఒకసారి ఒక ‘ఎ’, మరోసారి రెండు ‘ఎ’లు పెట్టి చూడండి. ఊరి పేరుకు ‘కైఫియత్తు’ అనే మాట కలిపి గూగుల్‌లోనూ వెతకండి. కావలి సోదరులు, ఇతర సహాయకులతో బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రలవి.

తిండి విషయంలో నాకు బాగా నచ్చిన చోటు ఎవరూ పెద్దగా పట్టించుకోని జీఐ రిజిస్ట్రీ. ఇది ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం. హైదరాబాద్ హలీంకు 2010లో, బందరు లడ్డూకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో గుర్తింపు వచ్చింది. దరఖాస్తులో ఆ పదార్థం ఎలా చేస్తారో, ఆ ఊరితో సంబంధమేంటో, పాత ఆధారాలేంటో రాయాలి. అవన్నీ రిజిస్ట్రీ జర్నల్ పీడీఎఫ్‌లలో చదవొచ్చు. పల్లె, చరిత్ర, రుచి మూడూ ఒకేచోట దొరుకుతాయి. భాష ఆఫీసు ఇంగ్లిషే, అయినా ఓపిక పడితే దక్కే సమాచారం విలువైంది.

వీడియోలే కావాలంటే యూట్యూబ్‌లో ‘కంట్రీ ఫుడ్స్’ చానల్లో మస్తానమ్మగారి పొలం గట్టు వంటలు చూపించండి. ఆమె 2018లో కన్నుమూశారు, వీడియోలు మాత్రం ఉన్నాయి.

ప్రశ్న: నాకిష్టమైన వంటల సైట్ ఒకటి తెరుచుకోవడం లేదు. మళ్లీ చదివే దారుందా?

జవాబు: పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పాత చిరునామా పేస్ట్ చేయండి. క్యాలెండర్‌లో చుక్కలున్న తేదీలు నొక్కితే ఆనాటి పేజీ వస్తుంది. ఒక తేదీలో ఫొటోలు రాకపోతే మరో తేదీ చూడండి. ఇప్పుడు బతికున్న మీ ఇష్టమైన పేజీలను కూడా అక్కడే ‘సేవ్ పేజ్ నౌ’లో పెట్టి దాచండి. ఒక్కో పేజీకి విడిగా చేయాలి.